అవగాహన ఒప్పంద పత్రం గారికి విన్నపం

మహారాజశ్రీ అవగాహన ఒప్పంద పత్రం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, మనలో కులాసాగా ఉన్నది తమరొక్కరే. విశ్వవిద్యాలయ సైన్సు కళాశాల ప్రిన్సిపాల్ గారి గది గోడ మీద, పటం కట్టించుకుని, తమరు నిగనిగలాడుతున్నారు. ఏ రంగు కోసమైతే తమరిని పుట్టించామో ఆ రంగు మాత్రం మా కర్మాగారపు ఇనుప రేకుల మీది నుంచి ఇప్పటికీ పొరలుగా ఊడిపోతూనే ఉంది.

మేము వచ్చిన పని చిన్నది. రంగు ఎందుకు నిలవడం లేదో రసాయనశాస్త్ర విభాగంవారు చూసి చెబితే, తగిన కన్సల్టెన్సీ రుసుము చెల్లించుకుందామనుకున్నాము. ఉన్న విద్యతో సలహా చెప్పడం కన్సల్టెన్సీ అని, ఎవరికీ తెలియనిదాన్ని వెతకడం పరిశోధన అని, రెండింటి ఒప్పందాలూ వేరని అధ్యాపకులే వివరించారు. తమరు ఆ రెండూ కారు. ఆ రెండూ ఎప్పటికైనా చేయాలని ఉభయపక్షాలూ ఆశపడుతున్నట్లు తెలియజేసే పత్రం మాత్రమే.

తమ పన్నెండు పేజీలలో ఎనిమిది, రాబోయే ఆవిష్కరణపై మేధోసంపత్తి హక్కు ఎవరిదన్న తగవుకే సరిపోయాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయితే ఆ తగవులో పస లేదని అనను. దరఖాస్తుకు ముందే వ్యాసం అచ్చయితే చాలా దేశాలలో పేటెంటు దక్కదు; అచ్చు కాకపోతే పరిశోధక విద్యార్థి చదువు ముందుకు సాగదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో గణాంకశాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ వద్ద కొంతకాలం పనిచేసి వచ్చిన విలియం గోసెట్, తన యజమాని అయిన గిన్నెస్ బీరు సంస్థ సొంత పేరుతో అచ్చువేయనివ్వనందున, 1908లో, కొద్దిపాటి నమూనాల సగటును ఎంతవరకు నమ్మవచ్చో తేల్చే టి-పరీక్షకు మూలమైన వ్యాసాన్ని ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ప్రకటించాడు. ఆ కిటుకు తమ ఎనిమిది పేజీలలో ఎక్కడా లేదు.

ఇంకొక సంగతి. 1854లో ఫ్రాన్సులోని లీల్ నగరంలో కొత్తగా ఏర్పడిన సైన్సు ఫ్యాకల్టీకి లూయీ పాస్చర్ డీన్ అయ్యాడు. 1856లో బిగో అనే సారా తయారీదారు, బీట్‌రూట్ రసం పులియబెడితే పాడైపోతోందని ఆయనతో మొరపెట్టుకున్నాడు. పాస్చర్ కర్మాగారానికి వెళ్లి, రసం తెచ్చి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. మరుసటి సంవత్సరమే లాక్టిక్ కిణ్వనంపై, అంటే పాలను పులిపించే మార్పుపై, ఆయన పత్రం వెలువడింది. తమరు ఆనాడు అక్కడ ఉండి ఉంటే, ముందు సంయుక్త సమన్వయ సంఘం ఏర్పడి, దానికి అధ్యక్షుడు కుదిరి, సంస్థాగత ఖర్చుల వాటా తేలి, సెమిస్టరు పరీక్షలు ముగిసి, నమూనా స్వీకరణ పత్రంపై మూడు సంతకాలు పడేలోపు బిగో మరో వ్యాపారం చూసుకునేవాడు.

కిందటి వారం, తమ ప్రమేయం లేకుండానే, ఒక పరిశోధక విద్యార్థిని మా రేకును నీళ్లతో తడిపి చూసింది. నీరు పరచుకోకుండా బొట్లుబొట్లుగా నిలిచింది. రంగు వేసే ముందు రేకుకు అంటిన నూనె సరిగా పోవడం లేదేమోనని ఆమె అన్నది. ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మంటే, అది కన్సల్టెన్సీ కిందికి వస్తుందనీ, తమ ఏడవ నిబంధన ప్రకారం సమన్వయ సంఘం తీర్మానించాలనీ విభాగంవారు చెప్పారు. ఆ సంఘం ఇంతవరకు ఒక్కసారీ సమావేశం కాలేదు.

వచ్చే నెలతో తమ గడువు ముగుస్తోంది. పునరుద్ధరణ సభకు ఆహ్వానపత్రం అందింది. ఫొటోకు తప్పక వస్తాను. రేకులు కడిగించే పని ఉన్నందున ప్రసంగాలకు ఉండలేను.

ఇట్లు,
తమలో ‘రెండవ పక్షం’గా పేర్కొన్న విధేయుడు