సకినంలో ఉక్కు గుండు

అటక మీద మా బాపు కెమెరా దొరికింది. పెంటాక్స్ కె1000. 1976లో మొదలుపెట్టి 1997 దాకా తయారుచేసిన మోడల్. బ్యాటరీ లైట్ మీటరుకే, షట్టరంతా పళ్లచక్రాలూ స్ప్రింగులే. మనమే బాగుచేసుకోవచ్చులే అనిపించింది.

మొదటి పని సులువుగా అయ్యేసరికి మిడిసిపాటు వచ్చింది. వెనక తలుపు సందుల్లోంచి వెలుగు దూరకుండా పెట్టే నల్ల స్పాంజి కరిగి తుమ్మబంకలా తయారైంది. స్పిరిటు, దూదిపుల్లలతో గీకేసి కొత్తది అతికించాను. ఇక లెన్సు. లోపలి రేకులకు నూనె పట్టి మెల్లగా మూసుకుంటున్నాయి. విప్పక తప్పదు.

కెమెరా విప్పేటప్పుడు కింద తెల్లగుడ్డ పరుచుకోవాలి. చిన్న స్క్రూ పడ్డా కనిపిస్తుంది, దొర్లిపోదు. సంక్రాంతికి రెండు రోజుల ముందు హన్మకొండలో ఏ ఇంట్లోనైనా తెల్లగుడ్డ ఎక్కడుంటుంది? సకినాల కింద! వాడకట్టు ఆడవాళ్లు నలుగురు కూర్చుని చుడుతున్నారు. ఇంట్లో తినేవి కూడా కావు, నిరుడు పెళ్లయిన బిడ్డ అత్తగారింటికి, కరీంనగర్‌కు పోయేవి. ఆ గుడ్డకే ఓ మూల జానెడు జాగా సంపాదించాను.

లెన్సు రేకుల్ని తెరిచి మూసే అపర్చర్ రింగు తిప్పితే టిక్కు టిక్కుమంటుంది కదా, ఆ చప్పుడు దాని కింద దాగిన ఉక్కు గుండుది. నువ్వుగింజంత ఉంటుంది. రింగు లేపానో లేదో, ఎగిరిపోయింది. పడ్డ చప్పుడు కూడా లేదు. పిండిలో పడితే చప్పుడెట్లా వస్తుంది? అందులో నువ్వులున్నాయి, వాముంది. ఇప్పుడు నా గుండు కూడా.

పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి సకినాల మీద తిప్పడం మొదలుపెట్టాను. పచ్చి సకినం, చెయ్యి కొంచెం తగిలితే చాలు, చుట్టు తెగిపోతుంది. మూడు తెగాయి.

"ఏం జేస్తున్నరు అక్కడ?" అంది మా ఆవిడ.

"ఆరినయో లేవో చూస్తున్న."

"అయస్కాంతంతోనా?"

ఆ తర్వాత నన్ను వంటింటి దరిదాపుల్లోకి రానివ్వలేదు. రాత్రి అందరూ పడుకున్నాక మూకుడు అడుగున గంటెతో దేవాను. మాడిన నువ్వులు తప్ప ఏం లేవు. తెల్లారి సకినాల బుట్ట కరీంనగర్ బస్సెక్కింది. లెన్సు మళ్లీ బిగించాను గానీ, రింగు నోరు పడిపోయినట్టు గమ్మున తిరుగుతోంది.

కనుమ నాడు వియ్యంకుడి ఫోను. మాట ముద్దముద్దగా వస్తోంది.

"బావా, సకినాలు మస్తుగున్నయి. గని ఒకదాంట్ల ఏందో ఇనుప గుండు తగిలింది. పన్ను సగం ఇరిగింది. పళ్ల డాక్టరు కాడ కూసున్న."

మా ఆవిడ పక్కనే ఉంది. స్పీకరు ఆన్‌లో ఉంది. ముందు పన్ను గురించే అడగాల్సింది.

"బావా, ఆ గుండు పారెయ్యలేదు గద?" అన్నాను.