సవరణ: కంట్రీ బూట్లతో గుర్రపు స్వారీ

ఇంగ్లండ్ పల్లెల్లో చలికాలానికి పనికొచ్చే తోలు కంట్రీ బూట్ల గురించి పోయిన వారం రాసినప్పుడు ఒక పెద్ద తప్పు చేశాను. బురదలో జారకుండా లోతైన గాడులున్న సోలు చూసి కొనమని, అవే గుర్రపు స్వారీకీ సరిపోతాయని చెప్పాను. సరిపోవు. దయచేసి ఆ మాట నమ్మి ఎవరూ గుర్రం ఎక్కకండి.

కింద పడేటప్పుడు పాదం రికాబులోంచి (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియంలోంచి) వెంటనే జారి బయటికి రావాలి. లోతైన గాడులు, వెడల్పాటి సోలు అక్కడే ఇరుక్కుంటాయి. అప్పుడు గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. స్వారీ బూటుకు సోలు దాదాపు నునుపుగా ఉండాలి, సుమారు 2.5 సెం.మీ. హీలు ఉండాలి. హీలు లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు దూసుకుపోతుంది. రికాబులో బూటుకు రెండు వైపులా తలా ఒక సెంటీమీటరైనా ఖాళీ ఉండాలి. వేసవి బూట్లకు సరిపోయిన రికాబు మందపాటి చలికాలపు బూటుకు ఇరుకు కావచ్చు, అదీ చూసుకోండి.

పొడవాటి బూటు సైజు చూసుకోవడానికి పిక్క కొలత నిలబడి తీసుకోమన్నాను, అదీ సరి కాదు. స్వారీ ప్యాంటు, మందపాటి సాక్సు వేసుకుని, కుర్చీలో కూర్చుని కొలవండి. వాడేకొద్దీ తోలు చీలమండ దగ్గర ముడతపడి బూటు కాస్త కిందికి దిగుతుంది. కాబట్టి కొత్తలో కొంచెం పొడవనిపిస్తే టెన్షన్ పడకండి.

తడిసిన బూట్లను హీటరు పక్కన పెట్టొద్దన్న మాటలో మాత్రం మార్పు లేదు.