ఎద్దుపై అభియోగ పత్రం

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల తెలుగువారు ఎద్దును నోరులేని జీవమని జాలిపడుతూ వచ్చారే గాని, అది ఏకకాలంలో ఎన్ని కొలువులు చేజిక్కించుకుందో విచారించిన పాపాన పోలేదు. సర్కారులో ఒక గుమాస్తా రెండు కుర్చీల్లో కూర్చుంటే ఆకాశరామన్న ఉత్తరాలు వెళ్తాయి. ఈ ఎద్దు మాత్రం తొలకరిలో నాగలి లాగి, పంట చేతికొచ్చాక కళ్ళంలో వరి తొక్కి, ఆ ధాన్యాన్నే బండి మీద సంతకు చేర్చి, తీరిక దొరికితే గానుగ చుట్టూ తిరిగి నూనె తీసింది. ఏతం తొక్కే పని ఒక్కటీ దయతలచి మనిషికి వదిలింది. జీతమంటారా, గడ్డి, అదీ అది స్వయంగా పండించినదే.

రవాణాలో దీని గుత్తాధిపత్యం మరీ దారుణం. సముద్ర తీరపు ఉప్పు లంబాడీల పెరికె (బస్తాలు మోసే) ఎద్దుల వీపు మీదనే కొండలెక్కి జయపురం వైపు వెళ్ళేది. పర్లాకిమిడి రాజావారు సైతం నౌపడలో రైలెక్కాలంటే సుమారు 40 కిలోమీటర్లు ఎడ్లబండిలో కుదుపులు తినవలసి వచ్చేది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చాక గాని ఆ అహంకారానికి తొలి దెబ్బ తగలలేదు.

ఇక పేడ సంగతి. ఒకే సరుకును వాకిట కళ్ళాపిగా, గోడకు పూతగా, పొయ్యిలో పిడకగా, చేనులో గత్తంగా నాలుగు శాఖలకు ఉచితంగా సరఫరా చేసి, కాంట్రాక్టర్లకు ఒక్క టెండరైనా మిగల్చకపోవడం క్షమించరాని నేరం. అందులో నత్రజని అర శాతమే ఉంటుందనీ, యూరియాలో 46 శాతమనీ చదువుకున్నవారు చెబుతారు. నేల గుల్లబారడం, తేమ నిలవడం వంటి పాతకాలపు చాదస్తాలు ఆ లెక్కలోకి రావు.

చచ్చాక కూడా ఇది పదవీ విరమణ చేయలేదు. చర్మం చెప్పులుగా చాకిరీ చేసింది. కొమ్ములు పర్లాకిమిడి పనివారి చేతుల్లో దువ్వెనలై, కొంగ బొమ్మలై, నేటికీ అమ్ముడవుతూ ఉన్నాయి.

ఎట్టకేలకు దానిని తొలగించి, ఒక్క ఉద్యోగి స్థానంలో ట్రాక్టరును, ఎరువు బస్తాను, గ్యాస్ బండను, రంగు డబ్బాను నియమించుకున్నాం. ప్రతిదానికీ బిల్లుంది గనుక ఇదంతా అభివృద్ధే. ఆవు స్వార్థంతో కొత్త ఎద్దును పెరట్లోనే కని ఇచ్చేది. ట్రాక్టరు అటువంటి పోటీకి దిగదు, కనుక వాయిదాలు తీరేలోపు రెండోది కొనుక్కోవచ్చు.

మనవారు కనుమ నాడు, ఒడియా ఇరుగుపొరుగు శ్రావణ మాసపు గమ్హా పూర్ణిమ నాడు దానికి బొట్టు పెట్టి పూజలు చేశారు. ఇన్ని మర్యాదలు అందుకున్న ఉద్యోగి రేపు పింఛను కూడా అడగవచ్చు. ఆ ముందుచూపుతోనే ముసలి ఎద్దును చీకటి పడ్డాక పొరుగూరి రహదారి మీద వదిలి వస్తున్నాం. పలుపు మాత్రం విప్పి తెచ్చుకుంటున్నాం. డబ్బు పెట్టి కొన్నది కదా.