ఎర్ర మూత, నారింజ మూత: మన దవాఖానల్లో షుగర్ శిక్షణ సంగతి

మా మేనత్తది దేవరకొండ వైపు ఊరు. పదేళ్లకు పైగా షుగర్. గోళీలతో అదుపు కాక రెండేళ్ల కింద ఇన్సులిన్ మొదలుపెట్టారు. దవాఖానలో మందు సీసా ఇచ్చారు కానీ ఆ రోజు సిరంజిలు లేవట, బయట కొనుక్కోమన్నారు. మెడికల్ షాపతను నారింజ రంగు మూత ఉన్న సిరంజిల ప్యాకెట్ ఇచ్చాడు. రాత్రి అన్నానికి ముందు 20 గీత దాకా లాగి వేసుకోమన్నారు, అట్లనే వేసుకుంది. నెల తర్వాత చూస్తే షుగర్ 300 దగ్గరే ఉంది. డోసు 30 చేశారు. దిగలేదు. 36 చేశారు. ప్రతిసారీ "తిండి కట్టు చేస్తలేవు" అని ఆమెకే తిట్లు. మేమూ తిట్టాం, అబద్ధం ఎందుకు. తర్వాత ఒక నెల దవాఖానలోనే సిరంజిలు దొరికాయి, ఈసారి ఎర్ర మూతవి. అదే 36 గీత. రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు, పిలిస్తే సరిగ్గా పలకడం లేదు. ఇంకా మింగగలుగుతోంది కాబట్టి చక్కెర నీళ్లు పట్టించాం, పావుగంటకు తేరుకుంది. మా అదృష్టం.

జరిగింది ఇది. సర్కారు సరఫరాలో వచ్చే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు చేసింది. 40 మందును 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. 36 అనుకున్నది 14 చిల్లర. సిరంజి మారిన రాత్రి ఒక్కసారిగా నిజమైన 36 పోయింది, అంటే అంతకు ముందు రోజుకు రెండున్నర రెట్లు.

ఇందులో తప్పు ఎవరిదంటే ఒకరి పేరు చెప్పలేను. డాక్టర్ రాసింది సరైనదే. ఫార్మసిస్ట్ ఇచ్చిన సీసా సరైనదే. నర్సు సూది ఎక్కడ పొడుచుకోవాలో పొట్ట మీద వేలు పెట్టి మరీ చూపించింది. కానీ అన్ని నెలల్లో "నువ్వు వాడే సిరంజి తెచ్చి చూపించు" అన్నవాళ్లు లేరు. ఆ మాట అనాలని వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఇన్సులిన్ గురించి తెలియక కాదు, వాళ్లంతా ట్రైనింగులకు పోయి వచ్చినవాళ్లే.

ఆ ట్రైనింగులు ఎట్లా ఉంటాయో అందులో కూర్చున్నవాళ్లను అడిగితే దాదాపు ఒకే కథ చెప్తారు. జిల్లా కేంద్రంలో మీటింగ్ హాలు, పొద్దున సంతకం, ఇంగ్లిష్‌లో స్లైడ్లు, క్లోమగ్రంథి బొమ్మ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఫొటో, ఫొటో వాట్సాప్ గ్రూపులోకి. డాక్టర్లు ఒక రోజు, నర్సులు ఇంకో రోజు, ఆశాలు మరో రోజు. పేషెంట్ ఈ అందరి చేతుల మీదుగా ఒకే పూటలో పోతాడు, శిక్షణ మాత్రం ఎవరిది వాళ్లకే. మా అత్త విషయంలో పొరపాటు ఏ ఒక్కరి పనిలోనూ లేదు, ఒకరి పనికీ ఇంకొకరి పనికీ నడుమ ఉంది, ఆ నడుమ జాగా ఏ స్లైడులోనూ రాదు.

భారం ఎంతో ఒకసారి చూద్దాం. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని లెక్క తేల్చింది, గ్రామాల్లో పెద్దవాళ్లలో 8.9 శాతం. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) కింద మామూలుగా 30 వేల జనాభా అనుకుంటే, అందులో పెద్దవాళ్లు 20 వేలు, అంటే దగ్గర దగ్గర 1,800 మంది షుగర్ పేషెంట్లు. బీపీ వాళ్లు వేరే. ఒకరో ఇద్దరో డాక్టర్లు. ఇన్ని వందల మందిని ప్రతి నెలా డాక్టరే కూర్చోబెట్టి మాట్లాడడం కుదిరే పని కాదు. కాబట్టి షుగర్ వైద్యం అంటే నిజానికి ఏఎన్ఎం, స్టాఫ్ నర్సు, పల్లె దవాఖానలో ఉండే మధ్యస్థాయి వైద్య కార్యకర్త అయిన ఎంఎల్‌హెచ్‌పీ, ఫార్మసిస్ట్, ల్యాబ్ టెక్నీషియన్, ఆశా కలిసి చేసే పని. డాక్టర్‌కు ఇచ్చే శిక్షణ మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా వీళ్ల మీద పెట్టామా? పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ వాళ్లు 2010 నుంచి డాక్టర్ల కోసం ఏడాది పాటు నెలకో ఆదివారం చొప్పున 12 క్లాసుల షుగర్ కోర్సు నడిపారు, మంచి కోర్సు. అట్లాంటి పద్ధతి మన ఫార్మసిస్టుకు, మన ఏఎన్ఎంకు ఎందుకు అందలేదన్నదే నా గొడవ.

స్క్రీనింగ్ మాత్రం జోరుగా సాగింది. 30 ఏళ్లు దాటిన వాళ్లందరినీ ఆశా ఇంటింటికీ పోయి ఫారం నింపడం, వేలి చివర ఏఎన్ఎం సూది గుచ్చి చూడడం, 140 దాటితే దవాఖానకు పంపడం, అదంతా యాప్‌లో ఎక్కించడం. తప్పు పట్టను, దాని వల్లే చాలామందికి తమకు షుగర్ ఉన్న సంగతి తెలిసింది. కానీ సమీక్ష మీటింగుల్లో అడిగే ప్రశ్న "ఎంతమందిని చూశారు" అని. 2023లో కేంద్రం పెట్టుకున్న లక్ష్యం కూడా 2025 నాటికి బీపీ, షుగర్ ఉన్న 7.5 కోట్ల మందిని వైద్యం కిందికి తేవాలని. వైద్యం కిందికి రావడం వేరు, అదుపులోకి రావడం వేరు. మా అత్త పక్కాగా వైద్యం కిందే ఉంది, రికార్డుల్లో ఆమె ఒక సక్సెస్.

బీపీ విషయంలో ఈ తేడా మనకు తెలుసు, అదే విచిత్రం. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అక్కడ పద్ధతి చాలా సాదా: అందరికీ ఒకే మందుల వరస, మందుకు రాని వాళ్లకు ఫోన్, ప్రతి పేషెంట్ బీపీ అదుపులో ఉందా లేదా అని దవాఖానవారీ లెక్క. 2022లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద అవార్డు కూడా వచ్చింది. అక్కడ నర్సు నేర్చుకున్నది హాల్లో కంటే తన పేషెంట్ల కార్డుల డబ్బా ముందే ఎక్కువ. షుగర్‌కు అదే దారి పట్టడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు, షుగర్ బీపీ కంటే చిక్కు జబ్బన్న మాట నిజమే అయినా.

నా ఆలోచన ఇంతే. శిక్షణను జిల్లా హాల్లోంచి పీహెచ్‌సీ బల్ల దగ్గరికి తేవాలి, నెలకో మధ్యాహ్నం, అందరినీ కలిపి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో, సూర్యాపేటలో 2019 నుంచి మెడికల్ కాలేజీలున్నాయి, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అక్కడి ఒక ఫిజీషియన్ నెలకోసారి రావచ్చు, రాలేకపోతే వీడియోలో కూర్చోవచ్చు. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో హెపటైటిస్ సి కోసం మొదలైన ఎకో పద్ధతి అదే కదా, ఊరి డాక్టర్లు తమ కేసు చెప్తారు, నిపుణుడు వింటాడు, అందరూ నేర్చుకుంటారు. స్లైడ్లు అక్కర్లేదు. రిజిస్టర్ తెరిచి వరసగా 20 మంది పేర్లు తీసుకోండి. షుగర్ తగ్గనివాళ్లు ఎవరు? మూడు నెలలుగా రానివాళ్లు ఎవరు? ఎవరి కాళ్లు చూశాం? దీనితో అద్భుతాలు జరుగుతాయని చెప్పను. పనితీరు లెక్క తీసి ఆ సిబ్బందికే చూపించడం మీద 2012లో వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు 140 అధ్యయనాలు పరిశీలిస్తే, మెరుగుదల మధ్యస్థంగా 4 శాతం చిల్లరే తేలింది. ముందే బాగా చేస్తున్నచోట ఇంకా తక్కువ, వెనకబడ్డచోట ఎక్కువ. మన దవాఖానలు ఏ కోవలో ఉన్నాయో వేరే చెప్పాలా?

కాళ్ల సంగతే తీసుకోండి. నాట్ల బురదలో, పత్తి చేన్లో చెప్పుల్లేకుండా తిరిగే మనిషికి షుగర్ వల్ల అరికాలు మొద్దుబారితే ముల్లు గుచ్చినా తెలియదు. పుండు కనిపించాక పసుపు, సున్నం, ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజక్షన్, చివరికి వేలు తీసేయడం. మోనోఫిలమెంట్ అనే నైలాన్ దారంతో పరీక్ష చేయాలని పుస్తకాల్లో ఉంటుంది, అది చాలా చోట్ల ఉండదు, ఉన్నా బీరువాలో ఉంటుంది. వేలుంటే చాలు. పేషెంట్‌ను కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లో బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసల మీద మన చూపుడు వేలు ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా ఆనించాలి, నొక్కొద్దు, గీకొద్దు. తగిలినప్పుడల్లా చెప్పమనాలి. ఆరింటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ తెలియకపోతే ఆ కాలు ప్రమాదంలో ఉన్నట్టు. 'ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్' అంటారు, రెండు నిమిషాల పని. దీన్ని ఏఎన్ఎంకు నేర్పడానికి పావుగంట చాలు, కానీ ఎదురుగా నిజమైన కాలు ఉండాలి.

ఇక పుస్తకంలో దొరకని పాఠాలు కొన్ని మన దగ్గరే ఉన్నాయి. శ్రావణం, కార్తీకం వస్తే సగం ఊరు ఒక్కపొద్దు. గ్లిమిపిరైడ్ గోళీ వేసుకుని పొద్దంతా ఏమీ తినకపోతే షుగర్ మరీ పడిపోతుంది, మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం చాలా తక్కువ. ఏ గోళీ ఆపాలో, ఏ పూటకు మార్చాలో డాక్టర్ ముందే చెప్పాలి, ఎవరు ఒక్కపొద్దులుంటారో ఆశాకు తెలుసు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే కదా ఈ మాట వచ్చేది! రంజాన్ నెలా అంతే. పాలమూరు నుంచి పుణెకో ముంబైకో పనికి పోయేవాళ్లకు నెల గోళీలిచ్చి మళ్లీ రమ్మంటే ఎట్లా వస్తారు, దీపావళి తర్వాత పోయినవాళ్లు ఉగాదికి గానీ ఊరి ముఖం చూడరు. రెండు మూడు నెలల మందు, వాడే గోళీల పేర్లు డోసులతో ఒక చీటీ చేతిలో పెట్టడం ఫార్మసిస్ట్ నిర్ణయం కాదు, టీమ్ నిర్ణయం. ఫ్లోరైడ్ పీడించిన మర్రిగూడ వైపు కీళ్ల నొప్పులకు పెయిన్ కిల్లర్లు మింగే అలవాటు పాతది, షుగర్ పేషెంట్ కిడ్నీలకు అవి అదనపు దెబ్బ. అడిగితేనే చెప్తారు.

తిండి దగ్గరికొస్తే మనవాళ్ల సలహా ఒక్కటే, "అన్నం మానెయ్". ఎవరు మానేస్తారు? 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న గట్క వెనక్కి పోయింది, 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలైంది. ఇంట్లో మంచి బియ్యం పెట్టుకుని తినొద్దంటే ఎవరూ వినరు. ఎంత పెట్టుకుంటున్నావు, కూర ఎంత, రాత్రి ఒక్క పూటన్నా జొన్న రొట్టె చేసుకోగలవా అని బేరమాడాలి. ఇట్లా మాట్లాడడం కూడా నేర్చుకునే విద్యే. ఒకరు పేషెంట్ లాగా, ఇంకొకరు నర్సు లాగా కూర్చుని నవ్వుకుంటూ నాలుగు సార్లు చేస్తే వస్తుంది.

సిబ్బంది వైపు నుంచి ఎదురుమాట నేనూ విన్నాను. ఉన్న రిజిస్టర్లు, యాప్‌లే తెమలడం లేదు, సగం మంది కాంట్రాక్టు, నేర్చుకున్న మనిషి ఏడాదికి బదిలీ అయిపోతారు, షుగర్ చూసే స్ట్రిప్పులు అయిపోతే నెల రోజులు రావు, ఉన్నవీ మూత తీసిపెట్టిన డబ్బాలో మే ఎండకు పాడైపోతాయి. అన్నీ నిజమే. అందుకే శిక్షణ మనిషి వెంట పోకుండా దవాఖానలో ఉండిపోయేలా చేయాలంటున్నాను, నెలనెలా జరిగితే కొత్తగా వచ్చినవాళ్లకు తోటివాళ్లే నేర్పుతారు. స్ట్రిప్పులు ఏ నెల ఎన్ని రోజులు లేవో కూడా ఆ మధ్యాహ్నమే రాసిపెట్టుకుంటే జిల్లాకు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. రోజువారీ యాప్ ఎంట్రీలు కొన్ని తగ్గించకుండా ఇది పెడితే మాత్రం నేనే వ్యతిరేకిస్తాను.

ఆ రాత్రి తర్వాత రెండు ప్యాకెట్లూ సంచిలో వేసుకుని అత్తను దవాఖానకు తీసుకుపోయాను. ఏఎన్ఎం చూసింది, ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి లైన్లో ఇన్సులిన్ కోసం నిలబడ్డ నలుగురినీ సంచులు తెరవమంది. ఇంకొకాయన సంచిలో కూడా నారింజ మూతవే ఉన్నాయి.