సిప్ సరే, ముందు ఇండెమ్నిటీ చూసుకోండి

సర్జన్ల సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే మొత్తం) పెంచాలని ఒక వ్యాసంలో రాశారు, ఆ మాట నిజమే. కానీ అందులో ఇండెమ్నిటీ పాలసీ (వైద్యంలో పొరపాటు జరిగిందని రోగి కేసు వేస్తే పరిహారం భరించే బీమా) గురించి ఒక్క ముక్కా లేదండీ! మన దగ్గర ఎక్కువ పాలసీలు క్లెయిమ్ వచ్చిన రోజుకి అమల్లో ఉంటేనే పనికొస్తాయి. రెన్యువల్ తప్పితే పాత రెట్రోయాక్టివ్ తేదీ (ఏ రోజు నుంచి చేసిన వైద్యానికి పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ) పోయి, అంతకుముందు చేసిన ఆపరేషన్లకి రక్షణ ఉండదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి గడువు 2 ఏళ్లు, సరైన కారణం చూపిస్తే ఆపైనా తీసుకుంటారు. అందుకే రిటైరయ్యాక కూడా కొన్నేళ్లు కట్టాల్సిందే.

ఇక చేతుల సంగతి. చూపుడు వేలు పూర్తిగా పోయినా చాలా ప్రమాద బీమాలు ఇచ్చేది 10 శాతమే, కోటికి పది లక్షలు! లూప్స్ (ఆపరేషన్‌లో వాడే భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుని గంటల తరబడి వంగి మెడ డిస్క్ దెబ్బతింటే అది అసలు ప్రమాదం కిందకే రాదు. అందుకే ఏడాది ఇంటి ఖర్చూ ఈఎంఐలూ లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) విడిగా ఉంచుకోండి.