అంకెలకు రంగులేసిన పిల్లవాడికి ఒక గోడ ఇద్దాం

దీపావళి వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం, ఇక్కడ అమెరికాలో మా తెలుగు బడిలో చదివే ఒక అబ్బాయి వాళ్ళింటికి వెళ్ళాను. తొమ్మిదో క్లాసు పిల్లవాడు. భోజనాల బల్ల మీద ప్లేటు పెట్టడానికి కూడా చోటు లేదు. గళ్ళ కాగితాలు ఒకదానికొకటి అతికించి బల్లంతా పరిచాడు. పక్క కుర్చీలో వాళ్ళ నానమ్మ. ఒక ప్రింటవుట్ మీద స్కేలు ఆనించి, వరస తప్పకుండా పైకి చదువుతున్నారు: "ముప్పై ఏడు... ముప్పై ఏడు... ముప్పై తొమ్మిది... నలభై రెండు..." ఆవిడ అంకె చెప్పగానే వాడు డబ్బాలోంచి ఒక పాస్టెల్ ముక్క, అంటే బొమ్మలకు వాడే రంగు సుద్ద, తీసి ఒక గడి నింపుతున్నాడు. వరసకు వంద గళ్ళు, అలాంటి వరసలు అరవై. వేళ్ళ నిండా ఇటుక రంగు పొడి.

ఇరవై దాటితే తెలుగు అంకెల్లో తడబడే పిల్లవాడు వాడు. రెండేళ్ళు నేను చెప్పినా రానివి ఆ బల్ల దగ్గర వచ్చేశాయి. కానీ నేను ఈ వ్యాసం రాస్తున్నది తెలుగు అంకెల కోసం కాదు.

వాడు వేస్తున్నది అంగారకుడి బొమ్మ. దాని వెనక ఉన్న కథ వాడు చెప్పాకే నాకు తెలిసింది. 1964 నవంబరు 28న నాసా మారినర్-4 అనే నౌకను అంగారకుడి వైపు పంపింది. 1965 జులైలో అది ఆ గ్రహం పక్కనుంచి వెళుతూ ఫొటోలు తీసి, టేపు మీద దాచుకుంది. ఒక్కో ఫొటోలో 200 వరసలు, వరసకు 200 చుక్కలు. ఒక్కో చుక్క ఎంత వెలుగుగా ఉందో చెప్పడానికి 0 నుంచి 63 దాకా ఒక అంకె. ఆ అంకెలు భూమికి సెకనుకు ఎనిమిది బిట్ల చొప్పున, నత్తనడకన వచ్చాయి. ఒక్క ఫొటో చేరడానికి ఎనిమిది గంటలు.

పసడెనాలో ఈ నౌకను నడిపిన నాసా కేంద్రం జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లకు అప్పుడు ఒకటే టెన్షన్. టేప్ రికార్డర్ సరిగ్గా పనిచేసిందా, లేదా? కంప్యూటర్ అసలు ఫొటో తయారు చేసేదాకా వాళ్ళు ఆగలేకపోయారు. వచ్చిన అంకెలను సన్నటి కాగితపు పట్టీల మీద అచ్చు తీసి, పక్కపక్కనే బోర్డుకు కొట్టారు. రిచర్డ్ గ్రమ్ అనే ఇంజనీరు రంగుల షాపుకు వెళ్ళి చాక్‌పీసులు అడిగితే, అక్కడ అవి అమ్మరట. పాస్టెల్స్ కొనుక్కొచ్చాడు. ఇన్ని అంకెలకు ఈ రంగు, ఇన్నింటికి ఆ రంగు అని లెక్క రాసుకుని, గోధుమ, ఎరుపు, పసుపు రంగులతో అంకెల మీదే పూశారు. మనిషి పంపిన నౌక అంగారకుడి దగ్గర నుంచి తీసిన మొట్టమొదటి ఫొటో అలా చేత్తో వేసిన బొమ్మగా లోకానికి కనిపించింది. తర్వాత దాన్ని ఫ్రేము కట్టి, ఆ సంస్థ డైరెక్టర్ విలియం పికరింగ్‌కు బహుమతిగా ఇచ్చారు.

మా వాడు ఆ మొదటి ఫొటో జోలికి పోలేదు. పదకొండోది ఎంచుకున్నాడు. అందులో పెద్ద గుంట ఒకటి ఉంది. దానికి తర్వాత మారినర్ అనే పేరే పెట్టారు. అంతకు ముందు అంగారకుడి మీద కాలువలున్నాయని, మొక్కలుండొచ్చని అనుకునేవాళ్ళు చాలామంది. ఆ గుంటల్ని చూశాక ఆ ఊహలు చాలావరకు చెదిరిపోయాయి. నాసా అందరికీ అందుబాటులో పెట్టిన ఫొటో తీసుకుని, దాన్ని చిన్నది చేసి, మళ్ళీ 64 మెట్ల అంకెలుగా మార్చి ప్రింటు తీశాడు వాడు. అంటే ఫొటోను వెనక్కి నడిపించి అంకెల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి చేత్తో ముందుకొస్తున్నాడు.

నేనక్కడ ఉండగానే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై ఒకటో వరసో, ముప్పై రెండోదో. నలభైల్లో నడుస్తున్న అంకెలు ఒక్కసారిగా ఇరవైల్లోకి జారిపోయాయి. నానమ్మ ఆగిపోయారు. "ఒకేసారి పడిపోయింది నాయనా, నేనేమన్నా తప్పు చదివానా?" వాడు లేచి ప్రింటవుట్ చూశాడు. తప్పేం లేదు. అది గుంట అంచు, దాని నీడ. గుంట బొమ్మలో కనపడకముందే నానమ్మ చెవికి దొరికింది. ఇద్దరూ ఆ వరస మళ్ళీ మొదటినుంచి చదువుకున్నారు. ఆవిడది సూళ్ళూరుపేట. 2013 నవంబరు 5 మధ్యాహ్నం మంగళయాన్ శ్రీహరికోట నుంచి లేచినప్పుడు మిద్దె మీద నిలబడి చూశారట. "అప్పుడు పొగ గీత ఒకటే కనపడింది. అది పోయే చోటు ఇట్లా ఉంటుందని ఇప్పుడు తెలిసింది" అన్నారు.

సంక్రాంతికి బొమ్మ పూర్తయింది. అక్కడ మొదలైంది నా బాధ.

ముందు వాళ్ళ స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి తీసుకెళ్ళాడు. పరికల్పన లేదు, ప్రయోగం లేదు, ఇది ఆర్ట్ అన్నారు. తర్వాత మన తెలుగు సంఘం పిల్లల పోటీలకు తెచ్చాడు. మన నియమం ప్రకారం బొమ్మ హాల్లోనే, గంటలోపు, అక్కడికక్కడ ఇచ్చిన అంశం మీద వేయాలి. ఇంట్లో వేసుకొచ్చింది చెల్లదు. పైగా ఇది సైన్స్ కదా, అన్నారు ఒకరు. చార్టు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు పిల్లవాడు. ఆ నియమం పెట్టిన రోజు చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. తల్లిదండ్రులు వేసిచ్చిన బొమ్మలు వస్తున్నాయని పెట్టాం, కారణం న్యాయమైనదే. కానీ మూడు నెలలు ఒక పని పట్టుకుని కూర్చున్న పిల్లవాడికి మన దగ్గర చోటు లేకుండా పోయింది. అది తప్పు.

ఇక మన ఇళ్ళల్లో మాటలు. "ఇది ఏ కాంపిటీషన్‌కి?" అని ఒకరు. "ఈ టైములో కోడింగ్ నేర్చుకోవచ్చుగా" అని ఇంకొకరు. ఆ మాటల వెనక భయం నాకు తెలుసు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ, లేఆఫ్ వార్త వస్తే రాత్రి నిద్రపట్టని ఇళ్ళు మనవి. పిల్లలు స్థిరపడాలనుకోవడం తప్పెలా అవుతుంది? నన్ను ఎక్కువ కలవరపెట్టింది మూడో మాట. "భలే ఐడియా, దీన్ని కాలేజీ ప్రొఫైల్‌కి వాడుకోండి, ఒక నాన్‌ప్రాఫిట్ పెట్టించండి." మెచ్చుకున్నట్టే ఉంటుంది. కానీ ఆ మాట వినగానే పిల్లవాడి ముఖం మారడం చూశాను. వాడు ఆ గుంటను చూస్తుంటే, మనం దాని మీద అడ్మిషన్ స్టాంపు వేయబోయాం.

కంప్యూటర్ సెకనులో చేసే పనిని మూడు నెలలు చేత్తో ఎందుకు చేయాలి అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒక్కటే. ఆరు వేల గళ్ళు ఒక్కొక్కటీ నింపినవాడు ఆ ఫొటోను చూసినట్టు మనమెవరం చూడలేదు. ఆకాశంలోకి వెళ్ళినవాళ్ళకూ ఈ అవసరం కలిగింది. అదే 1965 మార్చిలో మొట్టమొదటిసారి నౌక బయటికొచ్చి అంతరిక్షంలో తేలిన అలెక్సీ లియోనోవ్ రంగు పెన్సిళ్ళు వెంట తీసుకెళ్ళాడు. కక్ష్యలోంచి కనిపించిన సూర్యోదయాన్ని అక్కడే గీశాడు. చంద్రుడి మీద నడిచిన నాలుగో మనిషి అలన్ బీన్ 1981లో నాసా వదిలి, మిగతా జీవితమంతా చంద్రుడి బొమ్మలు వేస్తూ గడిపాడు. తను చంద్రుడి మీద వాడిన సుత్తితో, బూటు అచ్చుతో కాన్వాసు మీద గుర్తులు వేసేవాడు. వీళ్ళిద్దరికీ సైన్స్ తక్కువై బొమ్మలు వేశారని ఎవరనగలరు?

అందుకే కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఉగాదికి హాలు మాట్లాడుకునేటప్పుడే, భోజనాల వరస ఉండే పక్క గోడ ఒకటి పిల్లలకు విడిగా ఉంచుదాం. ఇంట్లో ఎన్నాళ్ళు పట్టినా వేసిన బొమ్మలు అక్కడ పెడదాం. మంగళయాన్ కావచ్చు, చంద్రయాన్ కావచ్చు, వోయేజర్ కావచ్చు, వాళ్ళకు నచ్చిన ఇంకేదైనా కావచ్చు. బొమ్మ పక్కన ఒక పేజీ ఉండాలి: ఏ ఫొటో చూసి వేశారు, ఏ రంగు ఎందుకు వేశారు, అసలుకూ తమ బొమ్మకూ తేడా ఎక్కడుంది. మా వాడు ఆ పేజీ ముందే రాసి పెట్టుకున్నాడు. 'అసలు ఫొటో నలుపు తెలుపు. ఈ రంగులు నేను పెట్టినవి' అన్నది అందులో మొదటి వాక్యం. వాళ్ళమ్మానాన్న వేసిచ్చారేమో అన్న అనుమానం వస్తే, పిల్లల్ని బొమ్మ పక్కన నిలబెట్టి మాట్లాడిద్దాం, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ప్రైజులు వద్దు, మార్కులు వద్దు. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా పర్వాలేదు.

నానమ్మ గారి వీసా గడువు మే నెల దాకా ఉంది, ఉగాదికి ఇక్కడే ఉంటారు. చార్టు నాలుగు మూలలకూ క్లిప్పులు, గోడకు టేపు నేను తెస్తాను. ఆవిడ కూర్చోవడానికి గోడ దగ్గర ఒక కుర్చీ వేయించండి చాలు.