అతిథి మర్యాద అంటే అది కాదండీ

2025 మేలో హైదరాబాద్‌లో జరిగిన మిస్ వరల్డ్ పోటీల మీద విమర్శలన్నీ రాజకీయమేనని మీ వ్యాసంలో తేల్చేశారు. నేను ఒప్పుకోనండి. రామప్ప గుడి దగ్గర మన ఆడవాళ్లు పోటీకి వచ్చిన అమ్మాయిల కాళ్ల మీద నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచిన వీడియో చూస్తే కడుపు రగిలిపోయింది. మా కోనసీమలో చుట్టం వస్తే గుమ్మం ముందు చెంబుతో నీళ్లు పెడతాం. కాళ్లు వాళ్లే కడుక్కుంటారు, తువ్వాలు చేతికిస్తాం. పెళ్లిలో అల్లుడి కాళ్లు కడగడం వేరే సంగతి, అది తంతు. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

మిస్ ఇంగ్లండ్ మిల్లా మాగీ మధ్యలోనే వెళ్లిపోయి, స్పాన్సర్లను అలరించడానికి వాళ్ల పక్కన కూర్చోబెట్టారని చెప్పింది. నిర్వాహకులు కాదన్నారు, ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. కానీ నోరు విప్పిన పిల్లనే ముందు తప్పుపట్టడం ఏం న్యాయం?

ఇంత గొడవలో అసలు విషయం మరుగున పడింది. గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతకి 16 ఏళ్లకే రొమ్ములో గడ్డ తీశారు. అప్పటి నుంచి రొమ్ము క్యాన్సర్ గురించి ఊరూవాడా చెబుతోంది. మా వైపు ఆడపిల్లలు ఇలాంటిది కన్నతల్లికి చెప్పడానికే సిగ్గుపడతారు. నర్సాపురం చుట్టుపక్కల మధ్యాహ్నం పూట అరుగుల మీద గుంపుగా కూర్చుని లేసు అల్లుకునే ఆడవాళ్ల దగ్గరికి ఆశా కార్యకర్తలు వెళ్లి, ఈ అమ్మాయి కథ చెప్పి, గడ్డ ఉందేమో ఎలా చూసుకోవాలో నేర్పిస్తే బాగుంటుంది. దయచేసి దాని మీద ఒక వ్యాసం రాయండి.